బాడవ గట్టు మీద నడక

“అయ్యా, మడిసికి బయం ఎప్పుడు పోతాది?”

గున్నయ్య ఈ ప్రశ్న అడిగేనాటికి లోకనాథం గారి మఠంలో చేరి ఎనిమిది నెలలయింది. అంతకు ముందు అతను ఏటి రేవులో పడవ నడిపేవాడు. కిందటేడు వరదలో ఆ పడవ తిరగబడింది. ఎక్కిన ఆరుగురిలో అయిదుగురు ఒడ్డు చేరారు. చేరనివాడు అతని బావమరిది, ఇరవై రెండేళ్ళవాడు. ఆ రోజు గడ వేసింది గున్నయ్యే. అప్పటినుంచి మోకాటి లోతు నీళ్ళు చూసినా అతని చేతులు వణికేవి. గురువు దగ్గర కొన్నాళ్ళుంటే మనసు కుదుటపడుతుందని ఎవరో చెబితే వచ్చాడు.

భార్య పోలమ్మ ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నది ఆవిడ. అయినా మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. పడవ ఒడ్డున బోర్లించి ఉందనీ, ఎండకు పలకలు విచ్చుకుంటున్నాయనీ, రేవు దాటేవాళ్ళు రోజూ అడుగుతున్నారనీ మాత్రం చెప్పింది. ఇంటికి ఎప్పుడొస్తావని అడిగితే, భయం పోయాక వస్తానన్నాడు. ఆవిడ రేవు దారి పట్టింది. ఆ మర్నాడే అతను గురువుగారిని ఆ మాట అడిగాడు.

లోకనాథం గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు.

ఆయనకు డెబ్బై దాటాయి. కళ్ళకు శుక్లాలు. అయినా రోజూ పొద్దున్నే ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. మఠానికి దిగువన బాడవ ఉంది. జమ్మూ తుంగా పెరిగి, ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే చిత్తడి నేల అది. దాని నడిమధ్యగా ఒక పాత మట్టి గట్టు. ఆ గట్టు మీద మైలు దూరం నడిస్తే అవతల మెరక మీద ఎర్రమట్టి బీడు, ముళ్ళ కలే పొదలు, తంగేడు తుప్పలు. ఆ బీడు మీదుగా చుట్టి వస్తే నాలుగు మైళ్ళకు మళ్ళీ మఠం. గట్టు దాటిన చోట సన్యాసమ్మ అనే ముసలావిడ నాలుగు మేకలతో ఒంటరిగా ఉండేది. ఆయన ఆవిణ్ణి పలకరించి వచ్చేవారు. గట్టుకు రెండు వైపులా ఊబి. దిగిన పశువు పైకి వచ్చేది కాదు. చూపు సరిగా ఆనని మనిషి రోజూ ఒక్కడూ అక్కడ నడుస్తున్నాడంటే, ఆయనకు భయమన్నదే తెలియదని చుట్టుపక్కల అందరూ అనుకునేవారు. గున్నయ్య కూడా అదే అనుకున్నాడు.

ఆ వారం నాలుగు రోజులు వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. గురువుగారి నడక ఆగిపోయింది. అయిదో రోజు పొద్దున తుంగ కోసేవాళ్ళు మఠం మీదుగా పోతూ, సన్యాసమ్మ మేకలు నిన్నటినుంచి దొడ్లోనే ఉండి అరుస్తున్నాయనీ, గుడిసెలోంచి పొగ రావడం లేదనీ చెప్పారు. గట్టు నీళ్ళలో ఉంది కనక తాము అవతలికి పోలేదన్నారు. లోకనాథం గారు వెదురు కర్ర అందుకుని, గున్నయ్యను రమ్మన్నారు.

బీడు మీదుగా పోదామని అతను బతిమాలాడు. అలా వెళితే మధ్యాహ్నమవుతుందనీ, ఆవిడ అంతసేపు ఆగుతుందో లేదో అనీ చెప్పి, ఆయన అప్పటికే గట్టు వైపు దిగుతున్నారు. ఆయన్ని అలా వదిలి వేరే దారిన పోవడానికి గున్నయ్యకు కాళ్ళు రాలేదు. వెనకాలే నీళ్ళలో అడుగుపెట్టాడు.

గట్టు కనపడదు. అటూ ఇటూ జమ్ము కొసలే ఆనవాలు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఎక్కడో ఒక నీటికోడి ఉండుండి కూసి ఊరుకుంటోంది. గున్నయ్య గురువుగారి వీపు మీదనుంచి చూపు తిప్పలేదు. అవతలినుంచి మేకల అరుపు వినిపిస్తోందేమోనని చెవులు రిక్కించాడు. వినిపించలేదు. అది మంచికో చెడ్డకో తెలియలేదు.

సగం దూరం పోయాక గట్టు తెగి ఉంది. లోకనాథం గారి ఎడమ కాలు తొడ దాకా దిగిపోయింది. కర్ర చేజారింది. గున్నయ్య ఆయన చంకల కింద చేతులు వేసి ఎలా లాగాడో అతనికే తెలియదు. లాగాక ఇద్దరి ఒంటినిండా నల్లటి బురద.

“ఎనక్కెల్పోదామయ్యా,” అన్నాడు గున్నయ్య.

“వెనక్కైనా అర మైలే, ముందుకైనా అర మైలే. ఆవిడ ఉన్నది ముందు,” అన్నారాయన. ఇక తనకు చూపు ఆనడం లేదనీ, అతన్నే ముందు నడవమనీ చెప్పారు.

తేలుతున్న కర్రను గున్నయ్య అందుకున్నాడు. అడుగు గట్టిదో మెత్తదో కర్ర కొసనుంచి అరచేతికి తెలుస్తుంది. అతనికి అది పాతికేళ్ళ పని. పొడిచి చూస్తూ, నడుముల్లోతు నీళ్ళలో గండి దాటడం మొదలుపెట్టాడు. గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి వణుకుతోంది. ముసలితనం అనుకున్నాడు. చలేమో అనుకున్నాడు. కానీ కాలికి గట్టి నేల తగలగానే వణుకు తగ్గుతోంది, నీళ్ళు లోతవగానే మళ్ళీ మొదలవుతోంది. అప్పుడు అతనికి అర్థమయింది. ధైర్యం రాలేదు సరికదా, ఉన్న కాస్తా జారిపోయింది. తనకూ భయమే, తను నమ్ముకున్న మనిషికీ భయమే. ఆగితే మాత్రం ఇద్దరూ అక్కడే. కర్ర తీసి ఇంకొక అడుగు ముందు పొడిచాడు.

సన్యాసమ్మ గుడిసెలో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. మేకలు అరిచి అరిచి గొంతు పోయి, నోళ్ళు మాత్రం తెరుస్తున్నాయి. గురువుగారు ఆవిడ పెదవులు తడిపారు. గున్నయ్య మేకల్ని విప్పి, ఆవిణ్ణి వీపున వేసుకుని, ముళ్ళపొదల మధ్యనుంచి బీడు దాటి రోడ్డు పక్కన ఉన్న ఆసుపత్రి దాకా మోశాడు. దారి పొడుగునా మెడ మీద తగిలే ఆవిడ ఊపిరిని గమనిస్తూనే ఉన్నాడు. రెండుసార్లు అది ఆగిందనుకుని తనూ ఆగిపోయాడు. ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. పొద్దు వాలేవేళకు ఆవిడ కళ్ళు తెరిచి, మేకలు తాగాయా అని అడిగింది.

ఇదంతా నాకు చెప్పింది గున్నయ్యే, మూడేళ్ళ తర్వాత, తన పడవలో నన్ను ఏరు దాటిస్తూ. ఏరు నిండుగా పారుతోంది. చెబుతున్నంతసేపూ అతను నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కళ్ళు నీటి మీదే ఉన్నాయి. అవతల ఒడ్డున దిగాక, మిగిలిన మాట చెప్పాడు.

ఆసుపత్రినుంచి బీడు మీదుగా మఠానికి తిరిగి వస్తూ అతను గురువుగారిని అడిగాడట, గట్టు మీద తమరి చెయ్యి ఎందుకు వణికింది, ఇన్నేళ్ళబట్టి నడుస్తున్న దారే గదా అని.



“ముప్ఫై ఏళ్ళబట్టీ వణుకుతూనే ఉంది గున్నయ్యా,” అన్నారు లోకనాథం గారు. “మొదట్లో నేనూ, అది ఆగాక బయల్దేరదామనే కూర్చున్నాను.”