సామి పోయిన బుధవారం

పరదేశికి వచ్చిన కష్టం ఇది. గురువుగారు పోయారని పేపర్లో పడింది. గురువుగారు చూస్తే ఎదురుగా కూర్చుని గంజి తాగుతున్నారు.

"ఇంకొంచెం ఉప్పు వెయ్యరా" అన్నారు గురువుగారు.

పరదేశి వేశాడు. పోయినవారికి ఉప్పు వెయ్యవచ్చో లేదో ఆయన ఎప్పుడూ నేర్పలేదు.

మా గంజివారిపాలెంలో చౌడయ్య గారంటే అందరికీ సామి. పగలు చీరలు నేసేవారు, సాయంత్రం నలుగురికి తత్వాలు చెప్పేవారు. పరదేశి తొమ్మిదేళ్ళుగా ఆయన శిష్యుడు. తొమ్మిదేళ్ళలో తెగిన పోగు అతకడం వచ్చింది, తత్వాలన్నీ కంఠతా వచ్చాయి. సామి తర్వాత ఆయన చాప మీద కూర్చునేది తానేనా కాదా అన్నది మాత్రం తేలలేదు. సామి చెప్పరు, ఇతను అడగడు. అడగకుండానే నుదుట విభూతి సామి కంటే ఒక గీత ఎక్కువ పెట్టుకునేవాడు. నేను ఎవర్నీ ఏమీ అనను. గీత ఎక్కువ ఉండేదంటున్నాను, అంతే.

అప్పట్లో ఊరికంతా ఒక్కటే పేపరు, పది గంటల బస్సుకు వచ్చేది. మగ్గం మీద ఉన్నవాడికి చేతులూ కాళ్ళూ ఖాళీ ఉండవు, చెవులొక్కటే ఖాళీ. అందుకని పరదేశి మగ్గం మగ్గానికీ తిరిగి చదివి వినిపించేవాడు. ఆ బుధవారం మొదటి మగ్గం దగ్గరే ఆగిపోయాడు. మూడో పేజీలో ఉంది.

"గంజివారిపాలెం యోగి చౌడయ్య సోమవారం సమాధి పొందారు. ప్రియశిష్యుడు పరదేశి పీఠం అధిష్ఠించనున్నారు."

మొదటి వాక్యం కూడబలుక్కుంటూ చదివాడు. రెండో వాక్యం బాగానే చదివాడు. రెండుసార్లు చదివాడు.

నూలు కండెలు చుట్టే అప్పలనర్సమ్మ రాట్నం ఆపేసింది. "అదేంట్రా! ఇందాకే కదా నా దగ్గర కండెలు పట్టుకెళ్ళారు?"

"ఇందాక అంటే ఇవాళ పిన్నీ. పోయింది మొన్న."

అప్పలనర్సమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. లెక్క సరిపోయింది. ఏడవడం మొదలుపెట్టింది.

మగ్గం మీది తవిటయ్య తెలివైనవాడు. తెలివైనవాడని ఆయనే చెప్పేవాడు. "ఊరికే ఏడవకండి, విచారించాలి" అన్నాడు. "అదే పేజీలో ఇంకేముంది?"

"పక్క తాలూకాలో రెండు తలల దూడ పుట్టిందట."

"అది నిజం. మా బావమరిది కళ్ళారా చూసొచ్చాడు." తవిటయ్య పోగును అటూ ఇటూ లాగే నాడె కింద పెట్టేశాడు. "రెండు తలల దూడే నిజమైనప్పుడు, డెబ్భయ్యేళ్ళ మనిషి పోవడం అబద్ధం ఎందుకవుతుంది?"

చూసి తేల్చుకుందామని అందరూ కలిసి సామి ఇంటికి వెళ్ళారు. ఆయన గంజి తాగడం చూశారు. చూసిన తర్వాత ఇంకా గందరగోళపడ్డారు.

మధ్యాహ్నానికి పొరుగూళ్ళ భక్తులు దండలతో దిగారు. గుమ్మంలో సామే ఎదురొచ్చి, "రండి, రండి" అన్నారు. ఆరు మైళ్ళు నడిచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నొచ్చుకున్నాడు. "ఇదేం పద్ధతండీ?" అన్నాడు. ఎవరిని అన్నాడో ఆయనకే తెలియలేదు. సామి తనవల్ల ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని లోపలికి వెళ్ళి మగ్గం మీద కూర్చున్నారు.

దండలు మిగిలాయి. చాప ఖాళీగా ఉంది. ఎవరో, "అందాకా నువ్వు కూర్చో నాయనా, ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నారు. పరదేశి వద్దన్నాడు. వద్దంటూనే కూర్చున్నాడు.

మొదటి దండకు సిగ్గుపడ్డాడు. రెండో మనిషి కాళ్ళకు దండం పెడితే చెయ్యి సగం ఎత్తాడు. అయిదో మనిషికి వచ్చేసరికి చెయ్యి పూర్తిగా లేచింది, కళ్ళు కూడా సగం మూసుకున్నాయి. లోపల మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంది. ఎవరూ విననట్టే ఉన్నారు.

మూడు గంటలకు విలేకరి సోమసుందరం సైకిలు దిగాడు. ఈ వార్త రాసింది అతనే. సంతాపసభ గురించి రాసుకోవడానికి వచ్చాడు. లోపలికి తొంగిచూసి, మగ్గం మీద సామిని చూసి, గోడ పట్టుకున్నాడు.

"సామీ! మరి ఆ గొయ్యి?"

"ఏ గొయ్యి నాయనా?"

"సోమవారం ఈ దారిన పోతుంటే చూశానండీ. పెరట్లో నడుములోతు గొయ్యి. ఈ పరదేశి గారు అందులో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు!"

సామి మార్గంలో యోగులను దహనం చెయ్యరు, గొయ్యిలో కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ఇక మా నేతగాళ్ళు కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం గుంటకూ, ఆ గొయ్యికీ కొలతల్లో పెద్ద తేడా ఉండదు. సోమవారం పరదేశి తవ్వింది కొత్త మగ్గానికి గుంట. తుడుచుకున్నది చెమట.

"నన్ను అడగొచ్చు కదయ్యా" అన్నాడు పరదేశి.

"అడిగానండీ! 'సామి తర్వాత ఎవరండీ?' అని అడిగాను. మీరేమన్నారు? 'నేనే కదండీ' అన్నారు. ఆయన ఉండగా ఎవరైనా ఆ మాట అంటారా? అందుకని పోయారనే అనుకున్నాను."

మగ్గం చప్పుడు ఆగింది.

పరదేశి ముఖంలో విభూతి తప్ప ఇంకేమీ కనిపించలేదు. "మాటవరసకి అన్నాను" అన్నాడు. ఆ మాట వాకిట్లో ఎవరికీ సరిగ్గా అందలేదు. అందుకోవాలని అందరం ముందుకు వంగాం.

సోమసుందరం పెన్సిలు తీశాడు. "రేపు సవరణ వేస్తాను సామీ. మీరు ఒక్క మాట చెప్పండి. సవరణ మొదటి వాక్యానికేనా, రెండిటికీనా?"

తొమ్మిదేళ్ళుగా పరదేశి అడగలేని ప్రశ్నను ఆ విలేకరి ఒక్క క్షణంలో అడిగేశాడు.

సామి మగ్గం దిగి బయటికి వచ్చారు. మూల పడి ఉన్న దండ ఒకటి తీసుకున్నారు. దండం పెట్టుకోవడానికి నిలబడ్డ వరుసలో, ఆరు మైళ్ళు నడిచొచ్చిన పెద్దమనిషి వెనక నిలబడ్డారు. పెద్దమనిషి "మీరు ముందుకెళ్ళండి" అన్నా సామి వెళ్ళలేదు. తన వంతు వచ్చేదాకా ఆగి, చాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు.

"సామీ, పొద్దుటినుంచీ నాకో సందేహం. నేను ఉన్నానా, లేనా?"

పరదేశి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత ఆ చెయ్యి దించాడు.

"ఉన్నారు సామీ."

"మరి నువ్వు?"

పరదేశి మెల్లగా చాప మీంచి జరిగి, సామి పక్కన కటిక నేల మీద కూర్చున్నాడు. సామి లేవలేదు. ఇద్దరూ చాపకు ఎదురుగా అలాగే కూర్చున్నారు.

వరుసలో మిగిలినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దండలు ఎవరికి వెయ్యాలో తెలియక, ఒక్కొక్కరే వచ్చి ఖాళీ చాప మీద పెట్టి వెళ్ళారు.

సోమసుందరం పెన్సిలు పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు. "ఇంతకీ పీఠం మీద ఎవరున్నారని రాయను సామీ?"

సామి చాప వైపు చూశారు.

"చూసిందే రాయి నాయనా."