ఏనుగుతావు పెడమొగమ్మ అటు తిరిగి కూర్చున్న వృత్తాంతం

ఏనుగుతావు గ్రామానికి పడమరగా, బస్సు దిగిన చోటి నుండి రెండు మైళ్ళ దూరంలో ఉన్న బోడిగుట్ట మీద శ్రీ పెడమొగమ్మ తల్లి ఆలయం ఉంది. మెట్లు నూట ముప్పై. ఎక్కి వచ్చిన భక్తునికి గర్భగుడిలో అమ్మవారి ముఖం కనిపించదు. అమ్మ పడమటి గోడవైపు తిరిగి కూర్చుని ఉంటుంది. మనకు కనిపించేది ఆమె వీపు, ముడి వేసిన జుట్టు, కుడి భుజం మీద వాలిన ఒక ఏనుగు తొండం కొస. ఏనుగు విగ్రహం కోసం ఎంత వెతికినా దొరకదు. చెక్కింది తొండం వరకే.

అమ్మవారు భక్తుల మీద అలిగి అటు తిరిగిందని గుట్ట కింద అంగళ్ళలో చెబుతుంటారు. తన భర్తను చంపిన ఏనుగును క్షమించిన కరుణామూర్తి అని మరికొందరు పటాల మీద అచ్చువేసి అమ్ముతుంటారు. రెండూ అబద్ధాలే. మొదటిది తెలియక చెప్పేది, పోనీలే అనుకోవచ్చు. రెండవది మాత్రం తెలిసి చెప్పేది. నా కోపమంతా దాని మీదనే. కొన్నేళ్ళ క్రితం ఒక కమిటీవారు ముఖదర్శనం లేని గుడికి జనం రారని తలచి, వెండిరేకుతో ఒక ముఖం చేయించి అమ్మవారి వీపుకు అతికించారు. కళ్ళు, ముక్కుపుడక, చిరునవ్వు అన్నీ ఉన్నాయి. వీపు మీద నవ్వే ఆ ముఖానికి మనమందరం నాలుగేళ్ళు హారతులు పట్టాం. పశువైద్యశాలలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి ఊరికి తిరిగి వచ్చిన నేను, ఆలయ బాధ్యత చేతికి వచ్చిన రోజునే ఆ రేకు ఊడదీయించాను. అసలు జరిగినది తెలియకపోవడం వల్లనే ఇలాంటి పనులు జరుగుతున్నాయని తోచి ఈ చిన్న పుస్తకం వ్రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ, ఈ గుట్టకు పడమటి దిక్కున ఒక చిన్న కోట ఉండేది. దానిని ఏలినవాడు కొమ్మినాయడు. పేరు చివర గౌరవవాచకం చేర్చలేదని కొందరు నన్ను అడిగారు. చేర్చను. వాగుకు కట్టిన ఆనకట్ట దగ్గర, ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూసే నీరుగంటి ఒకడుండేవాడు. అతని పేరు మద్దిలేటి, భార్య పేరు సంజమ్మ. ఒక కరువు సంవత్సరంలో ఉన్న కొద్దిపాటి నీరంతా తన చెరకుతోటకే పారాలని కొమ్మినాయడు ఆజ్ఞ వేశాడు. దిగువన పేదల జొన్నచేలు కంకి తీయబోతూ, పొట్ట మీద ఉండి ఎండిపోతున్నాయి. మద్దిలేటి ఒక్క పూట తూము ఎత్తి ఆ చేలకు నీరు వదిలాడు. ఆ నీటికే ఊరు ఆ ఏడు తిండి తిన్నది.

అందుకు శిక్షగా మద్దిలేటిని ఏనుగుతో తొక్కించారు. కోటలో మాణిక్యం అనే ఆడ ఏనుగు ఒకటి ఉండేది. అంతకుముందు అది దూలాలు మోసేది, ఉత్సవాలలో దేవుడి పల్లకీ ముందు నడిచేది, పిల్లల చేతిలోని బెల్లం ముక్క తొండంతో అందుకునేది. మనిషి మీద కాలు వేయమంటే అది వేయలేదు. మూడుసార్లు వెనక్కు తగ్గింది. మావటి కాశింసాబు వీపు మీద బల్లెం మొన ఆనించి అతని చేత అంకుశం పొడిపించారు. అది చాలక కాల్చిన ఇనుము తెచ్చి ఏనుగు చెవి వెనుక పెట్టారు. ఆ మంటకు అది ఏం చేస్తున్నదో దానికే తెలియకుండా పరుగెత్తింది. సంజమ్మను ఎదుట నిలబెట్టి ఇదంతా చూడమన్నారు. ఆ పూట నుండి ఆమెకు మాట పడిపోయింది.

మాణిక్యం కూడా ఆ పూట నుండి మేత ముట్టలేదు. మనిషి ఎదురుగా వస్తే చాలు, ఒళ్ళంతా వణికి గొలుసులు తెంపుకునేది. ఆస్థానంలోని పెద్దలు చూసి దానికి మదం పట్టిందని తేల్చారు. ఆడ ఏనుగుకు అలా మదం పట్టదన్న సంగతి గజశాలలో పేడ ఎత్తేవాడికి తెలుసు, పచ్చడాలు కప్పుకున్న ఈ పండితులకు తెలియలేదు. కొమ్మినాయడు దానిని ఈ గుట్ట మీదకు తోలించి బండకు గొలుసులు వేయించాడు. మూడు పక్షాలు గడువు పెట్టాడు. ఈలోపు నెమ్మదిస్తే కోటకు తెచ్చి మళ్ళీ ఆ పనికే వాడాలి, నెమ్మదించకపోతే ఈటెలతో పొడిచి చంపాలి. బాగుపడినా దానికి దిక్కులేదు, బాగుపడకపోయినా దిక్కులేదు.

సంజమ్మకు కలలో దేవత కనిపించి గుట్ట ఎక్కమన్నదని పాత వ్రాతలలో ఉంది. ఎవరూ కనిపించలేదు. ఆమెను ఎక్కమన్నది ఊరి పెద్దలు. ఏనుగుకు నీరు మోయడానికి ఏ మగవాడూ సాహసించలేదు. మొగుడు పోయిన మనిషి, మాటలేని మనిషి, ఎదురు వస్తే అపశకునం, పోతే అడిగేవారు లేరు. అందుకని ఆ పని ఆమెకు పెట్టారు. మద్దిలేటి వదిలిన నీటితో పండిన జొన్న ఇంకా గాదెల్లో ఉండగానే పెట్టారు. నీరుగంటి వంశంవారి ఇళ్ళలో ఈ మాట నేటికీ చెబుతారు.

సంజమ్మ రెండు కడవల నీరు ఎత్తుకుని గుట్ట ఎక్కింది. ఏనుగు తొండం మాత్రమే అందే చోట కడవలు దించి అటు తిరిగి కూర్చుంది. దయతోనో ధైర్యంతోనో అలా కూర్చున్నదని అనుకోవద్దు. ఆ పాదాలను చూడలేక అటు తిరిగింది. దిగి వెళ్దామంటే ఊళ్ళో తన ముఖం చూసేవారు లేరు. కనుక సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. ఆమె వెనుక కడవలో నీరు తరిగింది. మూడు రోజులుగా మనిషి చేతి నీరు ముట్టని ఏనుగు, గొలుసు ఈడ్చుకుని తొండం చాచి తాగింది.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటి ఇక్కడ చెప్పాలి. దెబ్బతిన్న జంతువు ఎదుట నిలబడి, కళ్ళలోకి చూస్తూ చేయి చాపితే, ఆ చేతిలో గడ్డి ఉన్నా దానికి కర్రే కనిపిస్తుంది. దానికి కావలసింది తనను ఏమీ చేయని మనిషి, ఏమీ అడగని మనిషి. సంజమ్మ తెలియకుండానే అలాంటి మనిషి అయింది. ఆమెకు కూడా ఊళ్ళో ప్రతివాడూ మాట్లాడు, ఏడువు, తిను అని మీదపడేవాడే. వెనుక ఉన్న ఆ పెద్ద ప్రాణం ఒక్కటే ఆమెను ఏమీ అడగలేదు.

ఇలా పదకొండు రోజులు గడిచాయి. దూరపు బండ మీద కాపలా ఉన్న కాశింసాబు పన్నెండవ రోజు చూసినది తన పిల్లలకు చెప్పాడు. మధ్యాహ్నం ఎండలో సంజమ్మ కూర్చుని ఉండగా, మాణిక్యం వెనుక నుండి మెల్లగా తొండం చాపి ఆమె భుజాన్ని వాసన చూసి తొండం అక్కడే ఉంచింది. సంజమ్మ బిగుసుకుపోయింది. లేచి పారిపోలేదు. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. భర్త పోయిన తరువాత ఆమె ఏడవడం అదే మొదలు.

కాశింసాబు బండ దిగి వచ్చి నాలుగు అడుగుల దూరంలో నిలబడి, "దాని తప్పు లేదమ్మా. ఈ సేతులతో నేనే పొడిసినా," అన్నాడు. మరునాడు ఆమె కడవలతో పాటు వేపనూనె, నూరిన పసుపు తెచ్చింది. వెనక్కు తిరగకుండానే ఆకులో పెట్టిన మందును భుజం మీదుగా పట్టుకుంది. ఏనుగే తల వంచి కాలిన చోటును ఆ చేతికి ఆనించింది. తరువాత ఒకనాడు ఆమె తిరిగి ఆ పాదాల వంక చూసింది. గొలుసు ఒరిపిడికి అవి కూడా పుండ్లు పడి ఉన్నాయి. వాటికీ మందు రాసింది. నెల తిరిగేసరికి మాణిక్యం జువ్వి కొమ్మలు విరుచుకుని తినసాగింది. సంజమ్మ దాని పక్కనే పడుకుని నిద్రపోగలిగింది.

ఈ వార్త కోటకు చేరింది. మూడు పక్షాలు నిండిన నాటి ఉదయం కొమ్మినాయడు పరివారంతో గుట్ట ఎక్కి పడమటి బండ మీద ఆసనం వేయించుకున్నాడు. ఊరంతా వచ్చింది. ఒక పండితుడు కొత్త చీర పళ్ళెంలో పెట్టి తెచ్చి, భర్తను చంపిన జంతువును క్షమించిన ఇటువంటి సాధ్వి లోకంలో లేదని శ్లోకం చదివాడు. ఏనుగుకు దోషం పోయిందని, ఇక కోటకు తోలుకు రమ్మని, మరునాడు ఇంకొక నేరస్థుడు ఉన్నాడని కొమ్మినాయడు సెలవిచ్చాడు. దోషం ఎవరిదో, ఎవరికి పోయిందో గమనించండి. చంపించినవాడు ఆసనం మీద కూర్చున్నాడు. ఏడ్చిన ఇద్దరిలో ఒకరికి నేరం అంటగట్టి, రెండవవారి చేత దానిని క్షమింపజేసి, తాను చేతులు కడుక్కున్నాడు. ఇంతకంటే నీచమైన తెలివి నేను ఎక్కడా వినలేదు.

అప్పుడు సంజమ్మ మాట్లాడింది. చాలాకాలం వాడని గొంతు కనుక మొదటి మాట సరిగా రాలేదు, మళ్ళీ అన్నది.

"క్షమించేదానికి ఇదేం జేసింది? నా మొగున్ని సంపింది ఇది గాదు. నువ్వు, కొమ్మినాయడా. నీ నోటితో సెప్పి సంపించినావు."

కాశింసాబు ముందుకు వచ్చి, "అంకుశం పట్టింది నేను. నా పేరు గూడా సెప్పమ్మా," అన్నాడు. "కాశింసాబూ, నువ్వు గూడా," అన్నది సంజమ్మ. అతడు తల వంచి అంకుశం కింద పెట్టాడు. తరువాత ఆమె బల్లెం ఆనించినవాడి పేరు, ఇనుము కాల్చినవాడి పేరు, తనను నీరు మోయమన్న పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఆ పేర్లవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

ఆమెను తొక్కించమని కొమ్మినాయడు అరిచాడు. కాశింసాబు కదలలేదు. ఒక భటుడు అంకుశం తీసుకుని ఏనుగు చెవి వెనుక, మానిన పుండు మీదనే పొడిచాడు. సంజమ్మ ఏనుగుకు వీపు పెట్టి, కొమ్మినాయడి వైపు తిరిగి కూర్చుంది. మాణిక్యం నాలుగు అడుగులు వేసి ఆమె వెనుకకు వచ్చి నిలబడింది. తొండం ఆమె కుడి భుజం మీద వేసింది. ఎన్నిసార్లు పొడిచినా, నెత్తురు చెవి మీదుగా కారినా అక్కడి నుండి కదలలేదు. చివరికి పొడిచే భటుడే అంకుశం పారవేసి జనంలో కలిసిపోయాడు.

పిడుగు పడి కొమ్మినాయడు భస్మమయ్యాడని వ్రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. వాడు గుట్ట దిగిపోయాడు, ఇంకా పదకొండేళ్ళు బతికి తన మంచం మీదనే పోయాడు. తలచుకుంటే నేటికీ ఒళ్ళు మండుతుంది. అయితే ఆ మరునాటి నేరస్థుణ్ణి ఏ ఏనుగూ తొక్కలేదు. తొక్కించే మావటి ఆ సీమలో మళ్ళీ ఎవడూ దొరకలేదు. సంజమ్మ, మాణిక్యం ఈ గుట్ట మీదనే పంతొమ్మిదేళ్ళు కలిసి ఉన్నారు. ఇద్దరూ గతించాక కాశింసాబు కుమారుడు చెప్పిన ప్రకారం శిల్పి అమ్మవారిని చెక్కాడు. ఏనుగును చెక్కకుండా వదలమన్నది ఆ కుమారుడే. గడప దాటి అమ్మ వెనుక నిలబడినప్పుడు మనం నిలబడేది మాణిక్యం నిలబడిన తావు. ఆమె మనకు వీపు పెట్టింది మనమీద నమ్మకంతో. ఊరికి ఆ పేరు వచ్చిందీ అందువల్లనే.

నేటికీ కొరడా దెబ్బలు తిన్న బండి ఎద్దులను, పెళ్ళి ఊరేగింపుల్లో బాణసంచాకు బెదిరిన గుర్రాలను, కాళ్ళు విరగ్గొట్టిన కుక్కలను ఈ గుట్టకు తెచ్చి వదులుతారు. చూడరానిది చూసి నిద్రపోలేని మనుషులు, ఒంటి మీద చేయి పడితే ఉలిక్కిపడే మనుషులు వస్తారు. వారు ఆ జీవాలకు నీరు పెట్టి, వీపు పెట్టి బండ మీద కూర్చోవాలి. పిలవకూడదు, చేయి చాపకూడదు. ఎన్నాళ్ళకైనా ఆ జీవమే వచ్చి తాకాలి. తాకిన తరువాత అమ్మ వెనుక నిలబడి, తమను ఆ స్థితికి తెచ్చినవారి పేరు అందరూ వినేలా చెప్పాలి. అర్చకుడు ఆ పేరును మళ్ళీ ఒకసారి పలుకుతాడు. ఇక్కడ ఉన్న అర్చన అదొక్కటే.

క్రిందటి ఫాల్గుణంలో మందాకిని అనే నర్సు ఇలాగే కూర్చుంది. ఆమె వెనుక, ఎవరో సలసల కాగే నూనె పోసిన ఆడకుక్క ఒకటి ఉండేది. పదిహేడవ రోజున అది వచ్చి ఆమె నడుముకు ఆనుకుని పడుకుంది. మందాకిని గర్భగుడిలో నిలబడి తనకు హాని చేసినవాడి పేరు చెప్పింది. ఆ పేరు మన ముఖమండపం గోడకు ఉన్న పాలరాతి పలక మీద దాతగా చెక్కి ఉంది. అర్చకుడు ఒక్క క్షణం నా వంక చూసి, ఆ పేరును గట్టిగా పలికాడు. దాతల మనసు నొచ్చుకుంటుంది, ఇకపై పేర్లు మనసులో చెప్పుకోమనండి అని కమిటీలో కొందరు అన్నారు. ఈ పుస్తకంలో ఈ భాగం తీసివేయమని కూడా అన్నారు. నేను తీయలేదు. పలక తీశాను. తీసిన చోట గోడ గరుకుగానే ఉంది, సున్నం వేయించలేదు.

గుడి ఉదయం ఆరు గంటల నుండి సూర్యాస్తమయం వరకు తెరచి ఉంటుంది. కొబ్బరికాయ, పూలు తేవలసిన పని లేదు. నడవలేని జీవాన్ని మోసుకురావడానికి మెట్ల దగ్గర మనుషులున్నారు, అడగండి. మీ వెనుక ఏది వచ్చి కూర్చుంటుందో, ఎన్నాళ్ళకు వస్తుందో మేము చెప్పలేము. వచ్చిన నాడు మీరు చెప్పే పేరు ఎంత పెద్దవాడిదైనా ఇక్కడ వింటారు, మళ్ళీ పలుకుతారు. అమ్మ ఇచ్చే వరం ఇదే.