గుత్తేదారు మానిక

ఒక రాజు ఏటి మీద వంతెన కట్టిస్తున్నాడు. కూలీలకు రోజుకు రెండు మానికల జొన్నలు ఇవ్వాలని ఆయన ఆజ్ఞ. గుత్తేదారు కోనప్ప వారం వారం కూలి పట్టీ తెచ్చి, అందరికీ నిండుగా కొలిచానని రాజు ముందు ప్రమాణం చేసేవాడు. నిజానికి అతని మానిక అడుగున మందంగా లక్క పోసి ఉండేది. నోరెత్తినవాళ్లకు మర్నాడు పని ఉండేది కాదు.

రాజు వంతెన చూడవచ్చిన రోజు, రాళ్లు మోసే సుంకులమ్మ చేతులు జోడించింది.

"దొరా, కోనప్పయ్య మా కోసం ఎంతో కష్టపడుతున్నాడు. ఆయనకు జీతంగా మీరిచ్చే జొన్నలు ఈసారి మేమే కొలిచి ఇస్తాం. మాకు కొలిచే మానిక ఇక్కడే ఉంది."

రాజుకు ముచ్చటేసింది. "అలాగే, అయిదు వందల మానికలు కొలవండి."

కోనప్ప గాభరాగా ముందుకొచ్చాడు. "ఆ మానిక వద్దు ప్రభూ, కోట నుంచి వేరేది తెప్పించండి."

"ఏం, ఇది నిండు మానిక కాదా?" అన్నాడు రాజు.

రాజు మానికలో చెయ్యి పెట్టి చూస్తే అడుగున లక్క తగిలింది.

తగ్గిన కూలి అంతా కోనప్ప తన గాదెలోంచి, తన చేత్తోనే కొలవాలని రాజు తీర్పు చెప్పాడు. అతను చెమటలు కక్కుతూ కొలుస్తుంటే సుంకులమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ముందు పెట్టింది.

"కాస్త తాగి కొలువయ్యా. ఇంకా చాలామందిమి ఉన్నాం."