కత్తిగారి భోజనం

ఎర్రగుట్ట కోటనేలే పోతభూపాలుడికి ఎండ పడదు. అయినా ఏటా వేసవిలో ఊళ్ళు తిరిగి ప్రజల బాగోగులు చూడాలి. అది తాతల నాటి ఆచారం. ఆ ఏడు ఆయనకో ఉపాయం తోచింది.

"నా బదులు నా కత్తి పల్లకీలో వెళ్తుంది. నాకు చేసే మర్యాదలన్నీ దానికీ చెయ్యాలి. ఒక్కటి తగ్గినా నన్ను అవమానించినట్టే," అన్నారు.

కొలువంతా ఆహా అంది. అనకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

కత్తికి తోడుగా దండనాయకుడు గొంకయ బయల్దేరాడు. మీసం చూస్తే మహావీరుడే, కానీ ఆయన పరాక్రమమంతా విస్తరి ముందే. రాజుగారికి తాంబూలం అందించే కాచమను కూడా వెంట పంపారు. కత్తి ఆకులు నములుతుందా అని ఎవరూ అడగలేదు.

ఊరూరా గొంకయది ఒకటే మాట.

"ప్రభువులవారు వేంచేశారు. నేతి బూరెలు, గారెలు, గడ్డపెరుగు సిద్ధం చెయ్యండి."

వండినదంతా గొంకయా, ఆయన భటులూ తినేవాళ్ళు. ప్రభువుల పేర ధాన్యం కూడా బళ్ళకెత్తి ఆయన ఇంటికి తోలేవాళ్ళు. ధాన్యం చాలక రైతులు విత్తనాలకు దాచుకున్న గింజలు కూడా దంచి వండారు. తొలకరికి ఏం చల్లాలో తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు పాపం. అదంతా కాచమ చూస్తూనే ఉంది.

తర్వాతి ఊరు మొగిలిపాడు, ఆమె పుట్టినూరు. పొలిమేరలోనే అన్న ఎదురొచ్చాడు.

"అమ్మీ, గాదెలో ఉన్నవి విత్తనాలొక్కటే. అవీ వండితే ఊరు ఖాళీ చెయ్యాల్సిందే."

"ఒక్క విస్తరికి సరిపడా వండించన్నా. మిగతాది నాకొదిలెయ్," అంది కాచమ.

మధ్యాహ్నం ఊరంతా చూస్తుండగా కత్తిని పీటమీద పెట్టి, ముందు విస్తరి వేసి వడ్డించారు. గొంకయ చేతులు కడుక్కుని చుట్టూ చూశాడు. రెండో విస్తరి లేదు.

"మాకేదీ?"

"ప్రభువులు ఆరగిస్తున్నారు, దండనాయకా," అంది కాచమ వినయంగా. "వారు లేచేదాకా మనకోసం పొయ్యి వెలిగించకూడదు. కోటలో మర్యాద అదేగా."

గొంకయ కత్తి వంక చూశాడు. కత్తికి తొందరేమీ ఉన్నట్టు లేదు. అది రాజుగారు కాదని నలుగురిలో అంటే తల పోతుంది. పొద్దు వాలేదాకా చూసి, ఖాళీ కడుపుతో పల్లకీని కోటకు తిప్పించాడు.

మర్నాడు కొలువులో గొల్లుమన్నాడు.

"ప్రభూ, మొగిలిపాడు తమరిని అవమానించింది. మాకు మెతుకు విదల్చలేదు. ఆ ఊరి భూములు లాగేసుకోవాలి."

రాజుగారి మొహం ఎర్రబడింది. "నిజమేనా కాచమా?"

"తమరికి శుభ్రంగా వడ్డించారు ప్రభూ. తమరు తిని లేస్తారని అందరం కాచుకున్నాం. తమరు ముద్ద ముట్టలేదు."

గొంకయకు ఒళ్ళు మండింది. "కత్తి ఎక్కడైనా అన్నం తింటుందా?" అని అరిచాడు.

కాచమ ఆకులకు సున్నం రాస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"మరి మిగతా ఊళ్ళలో తిన్నదెవరు, దండనాయకా?"

కొలువంతా గొంకయ పొట్ట వైపు తిరిగింది. రాజుగారూ చూశారు, చూసి పకపకా నవ్వారు. గొంకయ ఇంటి గాదెలు తెరిపించి ఊళ్ళన్నిటికీ విత్తనాలు పంచమన్నారు.

"నీకేం కావాలో కోరుకో కాచమా."

"వచ్చే ఏడు తమరే రండి ప్రభూ. తమరైతే ఒక్క విస్తరితో లేస్తారు."

రాజుగారు మునుపటికంటే పెద్దగా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి ఆమె చేతిలో పెట్టారు.