తిమోతి గారి రీసెట్ బటన్

కాకినాడలో మౌలాలి గారి రిపేరు షాపులో ఉమాపతి తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాడు. ఇన్నేళ్ళలో గురువు నోట 'బాగుంది' అన్న మాట ఒక్కసారీ వినలేదు. అదే అతని బాధ.

ఈసారి అనిపించుకుంటాననుకున్నాడు.

ఎస్తేరు గారని ఒక నర్సు, తన అన్నయ్య తిమోతి వీడియో గేమ్ పెట్టె తెచ్చింది. నలభై ఏళ్ళ నాటిది. ఓడలో పనిచేసిన తండ్రి సింగపూర్ నుంచి తెచ్చాడట. దానికి రీసెట్ బటన్ లేదు. ఆట పోయిన ప్రతిసారీ పవర్ స్విచ్ ఆపి మళ్ళీ వెయ్యాలి. ఆ స్విచ్ బిగుసుకుపోయింది. ఒక చేత్తో పెట్టెను అదిమి పట్టుకుని, రెండో చేత్తో లాగితేగాని కదలదు.

"ఒక బటన్ పెట్టండి బాబూ. నొక్కగానే ఆట మొదటికి రావాలి. మా అన్నయ్యకి..."

"అర్థమైందమ్మా, నాకు వదిలెయ్యండి," అన్నాడు ఉమాపతి.

ఆమె ఒక కాగితం మీద ఏదో రాసి, పెట్టె తెచ్చిన అట్టడబ్బాకి అంటించి వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లో పని అయిపోయింది. వెనకవైపు కుడి మూలన సన్నగా రంధ్రం చేసి, చిన్న ఎర్ర బటన్ అమర్చాడు. ఎంత నున్నగా కుదిరిందంటే, చూసినవాళ్ళెవరూ తర్వాత పెట్టిందంటే నమ్మలేదు. అప్పటికి మౌలాలి గారు నాగూరు దర్గాకి వెళ్ళి ఉన్నారు. ఆయన చూడాలని ఉమాపతి దాన్ని షాపులో అద్దాల బీరువాలో పెట్టాడు. ఫొటోలు తీసి తోటి మెకానిక్కులకి పంపాడు. కొందరు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళారు.

ఎస్తేరు గారు రెండుసార్లు ఫోన్ చేసింది.

"ఫినిషింగ్ ఉందమ్మా," అన్నాడు రెండుసార్లూ.

పదో రోజున గురువుగారు వచ్చారు. ఉమాపతి పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

ఆయన అట్టడబ్బా మీది కాగితం చదివారు. "ఇంకా ఇవ్వలేదా?"

"మీరు చూశాక ఇద్దామని, గురువుగారూ."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఉమాపతి కుడి చేతిని కుర్చీకి కట్టేశారు. పెట్టెను టీవీకి తగిలించారు. "ఆడు."

ఉమాపతి ఎడమ చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. తెర మీద చిన్న విమానం ఎగిరింది, కాసేపటికి కూలిపోయింది.

"మళ్ళీ మొదలెట్టు."

ఎడమ చెయ్యి చాచాడు. అందలేదు. ఒళ్ళంతా వంచి, వేలి కొసతో వెనక తడుముతుంటే పెట్టె జరిగిపోయింది. గేమ్ క్యాసెట్ కదిలి, తెరంతా చారలు పడ్డాయి.

మౌలాలి గారు కాగితం ఊడదీసి అతని ముందుంచారు.

'అన్నయ్యకి పక్షవాతం. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేతికి అందేలా పెట్టండి. ఈ ఆటొక్కటే ఆయనకి కాలక్షేపం.'

ఉమాపతి ఆ కాగితం చదవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే ముందువైపు ఎడమ పక్కన, అరచెయ్యి మోపినా పలికేలా పెద్ద బటన్ పెట్టాడు. పొద్దున్నే ఇద్దరూ కలిసి తీసుకెళ్ళారు.

ఎస్తేరు గారు తలుపు తీసింది. పెట్టె చూసి, ఆ పెద్ద బటన్ మీద చెయ్యి పెట్టింది.

"మొన్న ఆదివారం పక్షవాతం మళ్ళీ వచ్చిందండీ. ఇప్పుడు ఎడమ చెయ్యి కూడా లేవదు, మాటా లేదు. శనివారం దాకా అడుగుతూనే ఉన్నాడు. బాగా చేస్తున్నారంట, తొందరపెట్టకూడదని నేనే సర్దిచెప్పాను."

ఉమాపతి గట్టిగా అనేశాడు. "వారం కిందటే అయిపోయిందమ్మా. నేనే..."

"మెల్లగా," అంది ఆమె. "ఆయనకి వినపడుతుంది."

లోపల మంచం మీద తిమోతి గారు పడుకుని ఉన్నారు. కళ్ళొక్కటే కదులుతున్నాయి. అవి పెట్టె మీద ఆగాయి.

మౌలాలి గారు పెట్టెను టీవీకి తగిలించి, నేల మీద కూర్చుని జాయ్‌స్టిక్ అందుకున్నారు. ఆయన జన్మలో ఏ ఆటా ఆడి ఎరగరు. విమానం లేస్తూనే కూలింది. బటన్ నొక్కారు. మళ్ళీ కూలింది.

"ఉమాపతీ, ఆయన ఎదురుగా కూర్చో. కళ్ళు ఎటు తిప్పుతున్నారో నాకు చెప్పు."

ఉమాపతి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ కళ్ళలోకి చూడడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఈలోగా విమానం ఇంకో రెండుసార్లు కూలిపోయింది.

"పైకి," అన్నాడు చివరికి. "పైకి, గురువుగారూ."