వంగపండు పిట్టల దీవి

ఎన్నో తరాల కిందటి మాట. కుంభినీపురాన్ని ధర్మకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతలి దీవికి గండకుడనే మాంత్రికుడు పొరుగు రాజ్యపు చిన్నారి రాకుమార్తె హేమవల్లిని ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పటికి పసివాడైన మూడోవాడు మణికేతుడు పదిహేనేళ్ళు ఆగి, పెద్దవాడయ్యాక పడవెక్కాడు.

ఏడు సముద్రాలూ దాటి దీవిలో దిగగానే ఉచ్చులో చిక్కిన ఉడుత కనిపించింది. దాన్ని విడిపించి, తానెందుకొచ్చాడో చెప్పాడు.

"అవిగో ఆ రెండు రాళ్ళు మీ అన్నలే," అంది ఉడుత. "గండకుడి ప్రాణం ఇక్కడ ఒక మాయ వంగపండు పిట్టలో ఉంది. అది కాక వేరే పిట్టను ముట్టుకున్నావంటే నువ్వూ రాయివే. మీ పెద్దన్న బాగా అందమైనదాన్ని పట్టాడు. రెండో అన్న తియ్యగా కూసేదాన్ని పట్టాడు."

మణికేతుడు తలెత్తి చూశాడు. చెట్ల నిండా పసుపు ముద్దల్లాంటి వంగపండు పిట్టలు. కొన్నిటికి తలంతా నలుపు, కొన్నిటికి కంటి దగ్గర కాటుక గీత, కొన్నిటికి మెడ వెనక నల్ల పట్టీ. ఏది మాయదో పోల్చుకోలేకపోయాడు. అయినా తొందరపడకుండా కూర్చున్నాడు.

మొదటి రోజంతా పిట్టలు చిటారు కొమ్మల్లోనే పళ్ళూ గొంగళిపురుగులూ తిన్నాయి. రెండో రోజు కొమ్మల పంగల్లో ఉయ్యాలల్లాంటి గూళ్ళు అల్లుకున్నాయి. ఒక కాకి దగ్గరకొస్తే తరిమికొట్టాయి. మూడో రోజు ఒక పిట్ట నేలమీద ఎండుటాకుల్లో గెంతుతూ కనిపించింది. పురుగు ఎదురుపడినా ముక్కు తాకించలేదు.

"దీనికి రంగుంది కానీ ఆకలి లేదు," అనుకుని పట్టుకున్నాడు. రాయి కాలేదు.

గండకుడు రొప్పుతూ వచ్చాడు. "నాయనా, దాన్ని వదిలెయ్యి. ఏం కావాలన్నా ఇస్తాను."

"ముందు మా అన్నల్ని లేపు. రాకుమార్తెను తీసుకురా. అప్పుడు వదులుతాను."

గండకుడు అలాగే చేశాడు.

"వదిలితే వాడు మనల్ని మళ్ళీ పట్టుకుంటాడు," అంది హేమవల్లి మెల్లగా.

"మాటిచ్చాను," అని మణికేతుడు చెట్టెక్కి, గూళ్ళ పక్కనే గుప్పిట విప్పాడు. పరాయి పిట్టను చూసి గుంపంతా దాని మీదపడి పొడిచింది. అది చచ్చి నేలరాలింది. గండకుడూ కూలిపోయాడు.

పెద్దన్న కళ్ళు నులుముకున్నాడు. "ఎవరు బాబూ మీరు?"

"మీ చిన్నతమ్ముణ్ణి, అన్నా."

రాళ్ళకు వయసు పెరగలేదు మరి. నలుగురూ ఇల్లు చేరాక రాజు ముగ్గురినీ వరసగా నిలబెట్టి చూసి, "ఇప్పుడు మీలో పెద్దవాడు వీడే," అని మణికేతుడికి కిరీటం పెట్టి, హేమవల్లితో పెళ్ళి చేశాడు. వాళ్ళు మునిమనవలను ఎత్తుకునేదాకా చల్లగా రాజ్యమేలారు.