సన్నమ్మ టీచరు ఏడు కుట్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అన్నిటికంటే ఇరుకైన చోటు గుట్టపేట. వరదకి గూడు పోయినవాళ్లు, కార్చిచ్చుకి పొద పోయినవాళ్లు, ఎక్కడా చోటు దొరకనివాళ్లు అందరూ వచ్చి అక్కడే పడ్డారు. రాయి రాయికీ ఒక సంసారం. అచ్చం పట్నం లాగే అనుకోండి.

ఆ పేటకంతా ఒకే ఒక్క సర్కారు బడి. అందులో యాభై మంది పిల్లలు. అంతమందికీ ఒక్కతే టీచరు, సన్నమ్మ. సన్నమ్మ అంటే ఎవరనుకున్నారు? ఆకులు కుట్టి గూడు కట్టుకునే పిట్ట. బొటనవేలంత ఉంటుంది. ఆ కాస్త గొంతుతో యాభై మందికీ వినపడేలా పొద్దుటినుంచీ అరవాలి. సాయంత్రానికి గొంతు పోయేది. తెల్లారితే మళ్లీ అదే పని. అలా ఏళ్లకి ఏళ్లు గడిచిపోయాయి పాపం.

బళ్లో ఏం చెప్పేదంటారా? బతకడానికి కావాల్సినవే. ఏ ఆకు తినాలి, ఏది తినకూడదు, ఏ వాసనొస్తే పరిగెత్తాలి.

పరీక్షకి పిల్లకో టేకు ఆకు ఇచ్చేవారు. ఆకు మీద ఇరవై వరసలు, వరసకి మూడు చుక్కలు. టీచరు ప్రశ్న అడిగి మూడు జవాబులు చెప్పేది. ఏది సరైనదనుకుంటే ఆ చుక్క మీద పిల్లలు తుమ్మముల్లుతో బెజ్జం పొడవాలి. ఇరవైలో పదిహేను సరిపోతే ప్యాసు. లేదంటే ఫెయిలు. ఫెయిలైన పిల్లల్ని సన్నమ్మ సాయంత్రాలు వాగు ఒడ్డుకి తీసుకెళ్లి, ఒక్కో ఆకూ చూపించి మళ్లీ నేర్పేది. "ఏం పర్లేదురా, వస్తుందిలే" అనేది. వచ్చేది కూడా.

ఇంతలో ఒక కొత్త పులి గద్దెనెక్కింది. "అడవిలో బళ్లన్నీ బాగుచేస్తాను" అంది. మంచి మాటే, ఎవరు కాదంటారు? ఆ వెంటనే ఇంకో మాట అంది. "ప్రతి బళ్లోనూ నూటికి తొంభై మంది ప్యాసవ్వాలి. అయితే గుమ్మానికి నెమలి ఈక కడతాం. కాకపోతే బడికి తాళం వేస్తాం" అంది. ఇంకో టీచరు కావాలా, కూర్చోడానికి చోటుందా అని మాత్రం అడగలేదు. అడిగేవాళ్లెవరు లెండి!

గుట్టపేట బళ్లో యాభై మందిలో నలభై అయిదుగురు ప్యాసవ్వాలన్నమాట. మొదటి ఏడు నలభై నలుగురు ప్యాసయ్యారు. ఒక్కరు తక్కువ.

ఆ బడికి హెడ్మాస్టరు కొండముచ్చు వీరభద్రయ్య. ఎప్పుడూ చెట్టు చిటారుకొమ్మనే కూర్చునేవాడు. ఆ రోజు మాత్రం గబగబా కిందికి దిగొచ్చాడు.

"అమ్మా సన్నమ్మా, ఒక్క ఆకు. తప్పు బెజ్జం కుట్టేసి పక్కన ఒప్పు బెజ్జం పొడిచెయ్యి. నీ కుట్టు ఎవరికీ కనపడదు."

"అదేంటి సార్! తప్పు కదా?"

"తప్పే. బడికి తాళం పడితే యాభై మందీ రోడ్డున పడతారు. అది ఒప్పా?"

సన్నమ్మ సాలెపురుగు దారం తెచ్చి ఆ ఒక్క ఆకూ కుట్టింది. ఆ రాత్రి తిండి సయించలేదు. బడి మాత్రం నిలిచింది.

రెండో ఏడు తొమ్మిది ఆకులు కుట్టింది. ఈసారి తిండి సయించింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

కుట్టి కుట్టి అలిసి పాఠాలు సడలాయి, మూడో ఏడు ముప్ఫై ఒక్క ఆకులు! పిల్లలు ఇళ్లకి పోగానే గుమ్మం వేసుకుని కుడుతూ కూర్చుంది. ముక్కు నొప్పి, మెడ నొప్పి. పాఠం చెప్పడానికి ఓపిక ఎక్కడిది?

అందులో ఒక ఆకు పోలిది. పోలి అంటే దుప్పి పిల్ల. పోలికి ఒప్పులు ఎనిమిదే వచ్చాయి. ప్యాసవ్వాలంటే ఇంకో ఏడు కుట్టాలి. పధ్నాలుగో వరస దగ్గర సన్నమ్మ ఆగింది. 'రేగు, మర్రి, గన్నేరు. వీటిలో తినకూడనిది ఏది?' అన్నది ప్రశ్న. పోలి రేగు అని పొడిచింది. గన్నేరు తింటే గుండె ఆగుతుంది కదర్రా! సన్నమ్మ ఆ బెజ్జం కుట్టి, గన్నేరు దగ్గర తనే పొడిచింది. 'దీన్ని రేపే వాగు ఒడ్డుకి తీసుకెళ్లి నేర్పాలి' అనుకుంది.

తెల్లారి పోలిని పిలవబోతే వీరభద్రయ్య గుడ్లురిమాడు. "ప్యాసైన పిల్లకి మళ్లీ పాఠమేంటి? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఈ ఏడు మన బళ్లో ఫెయిలైనవాళ్లే లేరు. వాగు ఒడ్డు చదువు బంద్!"

సన్నమ్మ సరేనంది. ఏం చేస్తుంది, అలిసిపోయింది. అలిసిపోయినవాళ్లు సరేననడం నాకూ తెలుసు. కానీ ఆ సరే ఎంత పని చేసిందో వినండి.

ఎండాకాలం వచ్చింది. గడ్డి మాడిపోయింది. గుట్టపేట మొత్తానికి పోలికి అందే ఎత్తులో పచ్చగా మిగిలింది గన్నేరు పొద ఒక్కటే. ఆకలికి తట్టుకోలేక పోలి వెళ్లి రెండు ఆకులు తినేసింది. తిన్న కాసేపటికే కాళ్లు వణికి పడిపోయింది. మూడు రోజులు కన్ను తెరవలేదు. నాలుగో రోజు తెరిచింది గానీ, నిలబెడితే ముందుకాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

పోలి తల్లి ఎర్రక్క కార్చిచ్చుకి కొండ దిగి వచ్చిన దుప్పి. ఆ కొండ మీద గన్నేరే ఉండదు. ఆమెకి చదువూ లేదు. ఆ సాయంత్రం, బళ్లో ఇచ్చి పంపిన పోలి పరీక్ష ఆకు నోట కరుచుకుని బడికి వచ్చింది.

"టీచరమ్మా, ఇది కాస్త చదివి పెట్టండి. నా పిల్ల గన్నేరు తినకూడదనే పొడిచిందా?"

సన్నమ్మ "ఊఁ" అంది.

"చూశారా! తెలిసి తెలిసి తిన్నదన్నమాట. పొగరు కాకపోతే ఏంటి? అందుకే లేచి కూర్చోగానే రెండు తగిలించాను టీచరమ్మా. అమ్మా నాకు తెలీదే అని ఒకటే ఏడుపు. మీ దగ్గర చదివి తెలీదంటే నేనెలా నమ్ముతాను?"

ఎర్రక్క వెళ్లిపోయింది.  చెయ్యని తప్పుకి దెబ్బలు తిన్న పిల్లే సన్నమ్మ కళ్లల్లో మెదిలింది. ఆ దెబ్బలు తను కొట్టినట్టే అనిపించింది.

అడవంతా ఇదే గోల అప్పటికి. ఏ బళ్లో చూసినా ప్యాసైన పిల్లలే జబ్బు పడుతున్నారు. సంగతేంటో చూసి రమ్మని పులి ఒక ఇన్‌స్పెక్టరుని పంపింది. ఆయన ముంగిస.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున్నే వీరభద్రయ్య మళ్లీ కిందికి దిగాడు. "సన్నమ్మా, బెజ్జాలు పిల్లలే మార్చుకున్నారని చెప్పేద్దాం. చిన్నపిల్లలు కదా, వాళ్లనెవరూ ఏమీ చెయ్యరు."

సన్నమ్మకి ఒళ్లు మండింది. మూడేళ్లలో మొదటిసారి. 

ముంగిస వచ్చాడు. పేట జనం అంతా పిల్లల పరీక్ష ఆకులు పట్టుకుని చేరారు. ఎర్రక్క కూడా పోలిని ఆనించుకుని వచ్చింది. ముంగిస ఒక్కో ఆకూ తీసి ఎండకి ఎదురుగా పట్టాడు. బెజ్జం ఉన్నచోట వెలుగు వచ్చింది. కుట్టినచోట చిన్న ముడి నల్లగా కనిపించింది. ఆకు తర్వాత ఆకు, అదే ముడి.

"ఎవరి పని ఇది?" అన్నాడు.

"నాకేం తెలుసండీ?" అన్నాడు వీరభద్రయ్య. "పిల్లలే..."

"పిల్లలు కాదు!" అంది సన్నమ్మ. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఏమో, గుట్ట చివరిదాకా వినపడింది. "కుట్టింది నేను. కుట్టమన్నది హెడ్మాస్టరుగారు. తొంభై రాకపోతే తాళం వేస్తానన్నది రాజుగారు. మూడూ రాసుకోండి. కానీ ముక్కు నాది. వద్దనాల్సింది నేను. అనలేదు."

ముంగిస రెండు మాటలు రాసుకున్నాడు. మూడోదాని దగ్గర ఆగి, "అది రాస్తే నా ఉద్యోగం ఉండదమ్మా" అన్నాడు మెల్లగా.

సన్నమ్మ ఎగిరి పోలి ఆకు దగ్గర వాలింది. తన ముక్కుతోనే తన కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. అందరూ చూస్తుండగా ఏడూ విప్పింది.

"ఎర్రక్కా, ఇవీ నీ పిల్ల పొడిచిన బెజ్జాలు. దీనికి గన్నేరు తెలీదు. నేను నేర్పలేదు. నేర్పకుండానే వచ్చిందని కుట్టేశాను."

ఎర్రక్క ఆ బెజ్జాల వంక చూసింది. "అయితే దాన్ని ఊరికే కొట్టానా టీచరమ్మా?"

"ఊరికే కొట్టావమ్మా. ఆ పాపం నాది."

ఎర్రక్క పోలిని దగ్గరికి తీసుకుంది. 

సన్నమ్మ ఉద్యోగం పోయింది. వీరభద్రయ్యని వాగు అవతల ఇంకో బడికి బదిలీ చేశారు. అక్కడా చెట్టుందట, చిటారుకొమ్మ కూడా ఉందట. గుమ్మం మీది నెమలి ఈక పీకేశారు. తాళం వెయ్యడానికి ఇంకో ఏడాది గడువిచ్చారు. తొంభై మాత్రం తొంభైగానే ఉంది. అంతేనా అంటారా? అంతే. నేనేం చెయ్యను చెప్పండి.

మర్నాడు పొద్దున సన్నమ్మ వాగు ఒడ్డున ఊరికే కూర్చుని ఉంది. వెనక అడుగుల చప్పుడైంది. ఎర్రక్క, పక్కనే వణికే కాళ్లతో పోలి, పోలి నోట్లో ఏడు కుట్లూ విప్పిన ఆ టేకు ఆకు.

"నా కోపం పోలేదు" అంది ఎర్రక్క. "పోతుందో లేదో కూడా తెలీదు. కానీ దీనికి ఆకులు ఎవరో ఒకరు నేర్పాలి కదా!"

సన్నమ్మ లేచింది. ఎగిరి వెళ్లి ఒక రేగాకు, ఒక మర్రాకు తెచ్చింది. గన్నేరు కొమ్మని దూరంగా ఒక రాయి కింద పెట్టింది.

"పోలీ, వీటిలో తినకూడనిది ఏది?"

పోలి తల్లి వంక చూసింది, టీచరు వంక చూసింది. భయం భయంగా రేగాకు చూపించింది.

"తప్పు" అంది సన్నమ్మ. "ఏం పర్లేదమ్మా. మళ్లీ చూడు."

నీతి: పిల్లల తప్పుని దాచేస్తే వాళ్లకి చదువు దక్కదు, పెద్దలు తమ తప్పు తామే ఒప్పుకుంటేనే పాఠం మళ్లీ మొదలవుతుంది.